నీళ్ళ రంగు, పాలపిట్ట, మా మేస్త్రి చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో బండ్లకు రంగులేసే షెడ్డుల పక్క నుంచి నడిచినవాళ్ళకి ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు. రంగుని పల్చన చేసే థిన్నర్ వాసన. ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. పదహారేళ్ళ వయసులో నేను పని నేర్చుకున్నది ఆ వాసనలోనే. చొక్కా ఉతికి ఆరేసినా పోయేది కాదు. ఇవాళ మాట్లాడబోయేది ఆ ఘాటు లేని రంగు గురించి. నీళ్ళతో చేసిన బండి రంగు, దాన్ని ఎయిర్‌బ్రష్‌తో కొట్టడం.

ఎయిర్‌బ్రష్ అంటే మరేం లేదు, బొమ్మలేసేవాడి స్ప్రే గన్ను. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. పైన చిన్న గిన్నె, అందులో చెంచాడు రంగు. మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. మూతిలో ఒక సూది. ఆ మూతి రంధ్రం 0.3 మిల్లీమీటర్లో, మహా అయితే 0.5 మిల్లీమీటర్లో ఉంటుంది. గాలితో రంగును తుంపరగా చిమ్మే పరికరానికి 1876లోనే అమెరికాలో ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు, ఫొటోలకు రంగులద్దడానికి. తర్వాత ఆయనే తన కవల సోదరుడితో కలిసి ఆవిరితో నడిచే కార్లు చేశాడు. రంగు తుంపరకీ కారుకీ చుట్టరికం అంత పాతది.

మరి నీళ్ళ రంగు ఎందుకొచ్చిందంటే, థిన్నర్ ఆవిరి గాలిని పాడుచేస్తోందని. రిపేరుకొచ్చిన కార్లకు వేసే బేస్ కోటులో, అంటే అసలు రంగు పొరలో, లీటరుకు 420 గ్రాములకు మించి అలాంటి ఆవిరి పదార్థాలు ఉండకూడదని యూరప్‌లో 2007 నుంచి కట్టడి ఉంది. చరిత్ర ఇంతటితో చాలు. మా మేనల్లుడి బుల్లెట్ దగ్గరికొద్దాం.

"మావయ్యా, ట్యాంకు మీద పాలపిట్ట వెయ్యవా? దసరా నాడు దాన్ని చూస్తే మంచిదంటారుగా, నేను రోజూ చూస్తా" అన్నాడు వాడు. నాకూ సరదా పుట్టింది. పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగుగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం మీద నీలం. తెల్లటి నేల వేసి దాని మీద పల్చటి నీలాన్ని పొరలు పొరలుగా కొడితే ఆ మెరుపు వస్తుంది. అప్పటికే నీళ్ళ రంగు సీసాలు తెప్పించి అటక మీద పెట్టి ఉంచాను. దసరాకి ఇంకా పది రోజులుంది. ఎడతెరిపి లేని వానలు.

మొదటి రోజు ట్యాంకుని 600 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమరు అనే అడుగు పూత వేసి, ఆరాక గిన్నెలో తెల్లరంగు పోశాను. చెయ్యి అలవాటు కొద్దీ థిన్నర్ డబ్బా మీదికి పోయింది. నాలుగంటే నాలుగే చుక్కలు. వేడి పాలల్లో నిమ్మకాయ పిండినట్టు రంగు విరిగిపోయింది. గన్ను లోపలంతా పెరుగు తరకలు. ఆ సాయంత్రమంతా సూది, మూతి విప్పుకుని కడుక్కోవడంతోనే సరిపోయింది.

రెండో రోజు, నీళ్ళ రంగే కదా అని బోరు నీళ్ళు ధారాళంగా కలిపాను. అది ఇంకో తప్పు. బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. పైగా పల్చనైపోయిన రంగు ట్యాంకు మీద నిలవలేదు. తగిలిన చోటల్లా గాలి తోసేసరికి నాలుగు వైపులకీ కాళ్ళొచ్చాయి, సాలీడు కూర్చున్నట్టు. అదంతా తుడిచేశాను.

మూడో రోజుకి బుద్ధొచ్చి సీసా మీది కాగితం చదివాను. రంగుని పల్చన చెయ్యడానికి ఆ కంపెనీ వాళ్ళదే రెడ్యూసర్ అనే ద్రవం ఉంటుంది, అది కలపాలి. పది చెంచాల రంగుకి ఒకటి, రెండు చెంచాలు. గాలి 25 పీఎస్ఐ పెట్టాను, మామూలు బైకు ముందు టైరులో పట్టించేటంత. ఇక కొట్టే తీరు. థిన్నర్ రంగుని మేం తడిగా, అద్దంలా మెరిసేలా కొడతాం. దీన్ని అలా కొట్టకూడదు. పెళ్ళిలో పన్నీరు చిలకరించినట్టు కొట్టాలి. మొదటి పొరకి కింద ప్రైమరు కనబడుతూనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. చిలకరించి ఆగాలి. మెరుపు పోయి మసకబారాక మళ్ళీ చిలకరించాలి. మళ్ళీ ఆగాలి. మెరుస్తున్నంతసేపూ అందులో నీళ్ళున్నట్టే.

ఇక్కడ నాకొక వింత ఎదురైంది. వానాకాలం కదా, ట్యాంకు మీద రంగు ఎంతకీ ఆరదు. సూది మొన మీద మాత్రం ఇట్టే ఆరిపోతుంది! చిన్న పొలుసు కట్టి రంగు ఆగిపోతుంది, కాసేపటికి తుపుక్కున ఉమ్ముతుంది. ఒకే గది, ఒకే తేమ, ఒకే రంగు. ఎందుకిలా? ఆలోచిస్తే తట్టింది. సూది మొన మీద ఎప్పుడూ గాలి వీస్తోంది, ట్యాంకు మీద వీయడం లేదు. అంటే దీన్ని ఆరబెట్టేది గాలి. అప్పట్నుంచీ పొరకీ పొరకీ మధ్య మీట నొక్కి ఉత్త గాలి కొట్టాను. సూది మొనని తడి బ్రష్షుతో అప్పుడప్పుడూ తుడుస్తూ ఉన్నాను. రంగు పచ్చిగా ఉండగానే తుడవాలి, ఒకసారి ఆరి పొర కట్టిందంటే మళ్ళీ నీళ్ళకి కరగదు. బండి మీద నిలబడేదీ ఆ గుణంతోనే.

దుర్గాష్టమి మధ్యాహ్నానికి పాలపిట్ట రెక్క విప్పింది. నీలం కాస్త ముదరాలని చివరి పొర దట్టంగానే కొట్టాను. పండగ తొందర. దాని మీద క్లియర్ కోటు, అంటే బొమ్మకి కాపలాగా కొట్టే రంగులేని పైపొర, పడితే అయిపోయినట్టే. పొరని గట్టిపరిచే హార్డెనర్ కలిపిన ఆ క్లియర్ లేకపోతే పెట్రోలు నాలుగు చుక్కలు ఒలికినా బొమ్మ పోతుంది. మేనల్లుడు ట్యాంకుని ఒళ్ళో పెట్టుకుంటే మేమిద్దరం మా మేస్త్రి షెడ్డుకి వెళ్ళాం.

మా మేస్త్రికి డెబ్భై దాటాయి. నీళ్ళ రంగు ఎప్పుడూ ముట్టుకోలేదు. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందని గానీ లేదని గానీ అనలేదు. అరచేతి వెనక వైపు పిట్ట మీద ఆనించాడు. తర్వాత ట్యాంకు రెండో వైపు, ఏమీ వెయ్యని చోట ఆనించాడు. మళ్ళీ పిట్ట మీద.

"ఇది చల్లగా ఉందిరా" అన్నాడు.

"వాన కదా మేస్త్రీ, ఇనుము చల్లగానే ఉంటుంది."

"ఇనుమైతే రెండు వైపులా ఒకటే ఉండాలిగా. కుండ ఎందుకు చల్లగా ఉంటుంది? నీళ్ళు బయటికి పోతుంటేనే కదా. ఇందులోంచి ఇంకా పోతున్నాయి. తీసుకుపో."

తీసుకుపోయాం. ఆ పూట క్లియర్ కొట్టి ఉంటే లోపల చిక్కిన నీళ్ళు ఎటూ పోలేక పైపొర పాలలా తెల్లబడేది, లేదా పొక్కులు లేచేది. ట్యాంకుని ఫ్యాను కింద రెండు రోజులుంచాం. మా మేనల్లుడు దసరాకి పాలపిట్టని చూడటానికి స్నేహితుడి స్కూటరెక్కి వెళ్ళాడు. పిట్ట కనబడలేదట. ఆ నిష్ఠూరం నామీద ఇప్పటికీ ఉంది.

నాకిచ్చిన పది నిమిషాలూ కావస్తున్నాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నీళ్ళ రంగు కదా, మాస్కు ఎందుకనుకోకండి. తుంపరగా లేచాక ఏ రంగైనా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇక ఆ క్లియర్ సంగతి వేరు. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి. జేబురుమాలు కట్టుకుని కొట్టేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది, ఒకప్పుడు నేనూ అలాగే కొట్టాను కాబట్టి. క్లియర్ పని ఇంట్లో పెట్టుకోకండి. బయటి నుంచి గాలి అందించే మాస్కూ, రంగు కొట్టడానికి సరైన స్ప్రే గదీ ఉన్న షెడ్డుకి ఇచ్చేయండి.

మీలో ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంటే ముందే ట్యాంకు జోలికి పోవద్దు. స్క్రాపు కొట్లో పాత మడ్‌గార్డు ఒకటి తెచ్చుకోండి. రుద్దండి, ప్రైమరేయండి, సగం వదిలేసి సగానికి రంగు చిలకరించండి. మెరుపు పోయాక అరచేతి వెనక వైపు అటూ ఇటూ ఆనించి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉందనిపించేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. వానాకాలం ఒక లెక్క వస్తుంది, రోహిణీ కార్తెలో ఇంకో లెక్క.

ఉంటాను. నమస్కారం.