నాలుగో తారీఖు, ఆరో తారీఖు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు చదివిన పరిచయంలో నన్ను ఆర్థిక నిపుణుడన్నారు. ఆ మాట దయచేసి కొట్టేయండి. నేను రుణాల విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాడిని. జీతం చీటీలు చూశాను, దరఖాస్తులు నింపించాను, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. అంతే నా నైపుణ్యం. ఈ గ్రంథాలయ వార్షికోత్సవానికి పిలిచి పొదుపు మీద మాట్లాడమన్నారు. సరేనన్నాను. కానీ పొదుపు మీద మాట్లాడను. ముందే చెబుతున్నాను, తరవాత నన్ను అనకండి.

నేను చెప్పాలనుకుంటున్నది ఒక మనిషి గురించి.

ఒక మధ్యాహ్నం ఆయన నా బల్ల ముందు కూర్చున్నారు. ఆ రోజు నా దగ్గరకు వచ్చినవాళ్లందరిలో ఆయన జీతమే పెద్దది. నా జీతానికి నాలుగింతలు. చొక్కా జేబులోంచి చిన్న క్యాలెండర్ ఒకటి తీశారు. మడతలు పడి పడి దాని అంచులు గుడ్డలా మెత్తబడిపోయాయి. ప్రతి నెలలోనూ 4 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, 6 చుట్టూ నీలం సిరాతో సున్నా. ‘సార్, వాయిదా నాలుగున పడుతోంది. ఉద్యోగం మారాక జీతం ఆరున వస్తోంది. వాయిదాను రెండు రోజులు వెనక్కి జరపడానికి వీలవుతుందా?’ అని అడిగారు. పక్క బల్ల వాళ్లకు వినిపించకుండా అడిగారు.

నాకు లోలోపల నవ్వొచ్చింది. ఇంత సంపాదించే మనిషి రెండు రోజులు నెట్టుకురాలేడా అనిపించింది. పైన పటారం లోన లొటారం అనుకున్నాను. మీలోనూ కొందరు ఇప్పుడు అదే అనుకుంటున్నారని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. అనుకోండి. కాసేపు ఆ మాట అలాగే ఉంచుకోండి.

1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు ముందేసుకుని ఒక సంగతి గమనించాడు. రాబడి పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. ఆ తరవాత ఎన్ని దేశాల్లో చూసినా అది తప్పలేదు. మరి తిండి వాటా తగ్గితే మిగిలినదంతా చేతిలో ఉండాలి కదా? ఎక్కడికి పోతోంది?

విలాసాలకు, అంటారు. ఈ జవాబంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆయన ఫైలు నా దగ్గరే ఉంది కాబట్టి చూశాను. ఆయనా భార్యా ఇద్దరూ ఉద్యోగస్తులే. పన్నులు పోను ఇద్దరి చేతికీ వచ్చేది 100 అనుకుందాం. ఇంటి వాయిదాకు 42. పిల్లల చదువుకు, ఇద్దరూ పనికి వెళితే చిన్నపిల్లను చూసుకునేవారికి కలిపి 18. తల్లిదండ్రుల వైద్యానికి 9. బీమాకు 6. రాకపోకలకు 5. కూడండి. 80. అందులో ఒక్కటైనా విలాసమా? ఈ నెలకు వద్దులే అని ఆపగలిగినది ఒక్కటైనా ఉందా? తిండి, బట్ట, కరెంటు, పెళ్లిళ్లు, జ్వరాలు, చెడిపోయిన కుళాయి, అన్నీ ఆ మిగిలిన 20లోనే.

ఇప్పుడు ఆ 80 పదోవంతు పెరిగిందనుకోండి. వడ్డీ కాస్త ఎగబాకింది, ఫీజు పెంచారు. 88 అవుతుంది. 20 కాస్తా 12కు వస్తుంది. పెరిగింది పదోవంతు. చేతిలో ఆడే డబ్బులో తగ్గింది 40 శాతం. వార్తల్లో ధరల పెరుగుదల ఇంత శాతం అని ఒక అంకె చెబుతారు చూశారా, అది అందరి ఖర్చుల సగటు బుట్టకు కట్టిన లెక్క. ఆయన బుట్ట వేరు. మీ బుట్ట వేరు.

పేదవాడి కష్టంతో దీన్ని పోల్చడం లేదు. మొత్తం 100 తిండికీ అద్దెకూ చాలనివాళ్ల ముందు ఈయన అదృష్టవంతుడే. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకే గొంతు తగ్గించుకుని అడిగారు.

ఇక నా ఉద్యోగం సంగతి. అప్పు లెక్క మీలో ఎంతమంది చివరిదాకా వేసి చూశారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... అమ్మా, మీరు కూడానా? ముగ్గురు. మిగతావాళ్లు వినండి. ఏడాదికి 8 శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుతో 100 తీసుకుంటే మొత్తం మీద కట్టేది 200కు పైన. మొదటి వాయిదాలో నూటికి దాదాపు 80 వంతులు వడ్డీకే పోతుంది, అసలులోకి చేరేది 20. అసలు సగానికి రావడానికి పదమూడున్నర ఏళ్లు పడుతుంది. ఇందులో మోసం లేదు. కాగితం మీద అంతా ఉంటుంది. కానీ ఆ పట్టికను విప్పి చూపించమని 31 ఏళ్లలో నన్ను అడిగినవాళ్లు చాలా తక్కువ. అడగనివాళ్లకు నేనూ చూపించలేదు.

వాళ్లకు నేను చెప్పింది ఒకే ఒక మాట. అర్హత. ‘మీకు ఇంత అర్హత ఉందండీ’ అనేవాడిని. మనిషి ముఖం వెలిగిపోయేది, బడిలో మార్కులు చదివినట్టు. అర్హత అంటే మీరు మోయగలిగిన బరువు కాదు. మీ నుంచి రాబట్టుకోగలమని అప్పిచ్చేవాడు వేసుకున్న అంచనా. అందులో భార్య జీతం కలిపితే ఇంకా పెరుగుతుంది. కలిపేవాళ్లం. ఇద్దరి జీతమూ లెక్కలోకి వచ్చాక ఇద్దరిలో ఒకరికి జబ్బు చేయకూడదు, ఒకరి ఉద్యోగం పోకూడదు, ఒకరు కన్నవాళ్ల కోసం ఇంట్లో ఉండిపోకూడదు. ఆ ‘కూడదు’లు ఏ ఫారంలోనూ ఉండవు.

ఇంకొకటి. ఒక్కరికే రెండు జీతాల మీద అప్పు ఇస్తే వాళ్లకు మంచి ఇల్లు దొరుకుతుంది. అందరికీ ఇస్తే? ఇళ్లు అన్నే, స్థలం అంతే. వేలంపాట పెరుగుతుంది. ఫ్రెడ్ హిర్ష్ అనే ఆర్థికవేత్త 1976లో దీన్ని చక్కగా చెప్పాడు. జనంలో ఒకరు మునివేళ్ల మీద నిలబడితే వాళ్లకు బాగా కనిపిస్తుంది. అందరూ నిలబడితే ఎవరికీ కొత్తగా కనిపించేదేమీ ఉండదు. వెనక వరసలో నిలబడ్డ మిత్రులకు ఇది నాకంటే బాగా తెలుసు. కాళ్లు మాత్రం అందరికీ నొప్పే. మంచి బడి ఉన్నచోట ఇల్లు, పనికి దగ్గరగా ఇల్లు, ఇవన్నీ ఆ మునివేళ్ల బాపతే. పెద్ద జీతాలు దొరికేది కూడా సాధారణంగా ఇళ్లు ప్రియంగా ఉన్నచోటే. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతుంది.

అధ్యక్షులవారు చీటీ పంపించారు. అయిదు నిమిషాలట. సరే.

ఇంతకు ముందు ఇక్కడ నలుగురు పిల్లలు పాడారు కదా, దాని మీద ఒక్క మాట చెప్పనివ్వండి. విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు 1960లలో సంగీత నాటక ప్రదర్శనల జమాఖర్చులు పరిశీలించారు. నలుగురు కలిసి ఒక రచన వాయించడానికి 200 ఏళ్ల కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. యంత్రం వచ్చి దాన్ని సగం సమయంలో ముగించలేదు. కానీ వాయించేవాడి జీతం మాత్రం మిగతా లోకంతో పాటు పెరగాలి, లేకపోతే అతను వేరే పనికి పోతాడు. కాబట్టి ఆ పని ప్రియమవుతూనే ఉంటుంది. ఇది సంగీతంతో ఆగదు. పాఠం చెప్పడం అంతే, రోగిని చూడడం అంతే, పసిపిల్లను ఎత్తుకోవడం అంతే. ఒక మనిషి ఒకేసారి ఎంతమంది పసిపిల్లలను ఎత్తుకోగలదు? టీవీలు, ఫోన్లు చవకవుతున్నా మనకు ఊరట లేకపోవడానికి ఇదొక కారణం. మానుకోగలిగినవి చవకయ్యాయి, మానుకోలేనివి ప్రియమయ్యాయి. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఎగతాళి చేశారు. ఇప్పటి అప్పులో ఆ పప్పుకూడు కూడా లేదు. ఉన్నది ఇల్లు, చదువు, వైద్యం.

రిటైరయ్యాక తీరిక దొరికి ఒక సంగతి చదివాను. 2014లో గ్రెగ్ కాప్లాన్, జియోవన్ని వియొలాంతె, జస్టిన్ వైడ్నర్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా, కెనడా, బ్రిటన్, జర్మనీ లాంటి ఎనిమిది దేశాల కుటుంబాల లెక్కలు చూశారు. అమెరికాలో సుమారు మూడోవంతు కుటుంబాలకు ఈ నెల వచ్చింది ఈ నెలకే సరి. వింత ఏమిటంటే వాళ్లలో మూడింట రెండు వంతులమంది బీదవాళ్లు కారు. ఇల్లుంది, రిటైర్మెంటు నిధి ఉంది. అంతా బిగదీసుకుని ఉంది, చేతిలో ఆడే డబ్బు లేదు. అది చదువుతుంటే నాకు ఆ మెత్తబడిన క్యాలెండర్ గుర్తొచ్చింది. నాలుగుకూ ఆరుకూ మధ్య ఉన్న ఆ మనిషికి లోకంలో ఇంతమంది తోడున్నారని ఆ రోజు నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఏం చేసేవాడినో.

ఏం చేశానో చెబుతాను. నిబంధనలు ఒప్పుకోవని చెప్పి పంపించేశాను. అబద్ధం కాదు. తారీఖు మార్చడం నా చేతిలో లేదు. కానీ పై కార్యాలయానికి ఒక లేఖ రాస్తే అయ్యే పనే. రాయలేదు. ఇంత జీతగాడికి నేనెందుకు రాయాలి అనుకున్నాను. మూడు నెలలు వరసగా ఆయన ఖాతాలో ఆలస్య రుసుము పడింది. నాలుగో నెల మళ్లీ వచ్చారు. ఈసారి తారీఖు మాటే ఎత్తలేదు. అదనంగా చిన్న రుణమేదైనా వస్తుందా అని అడిగారు. లెక్క వేశాను. రెండు రోజుల ఆలస్యం ఆయన అర్హతను తగ్గించలేదు. వస్తుందన్నాను. ముఖం వెలిగింది. ఫారం ఆయన ముందు పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.

సెలవు.