తొలిసారి జామ్ చేసేవారికి ఏ పండు నయం, ఏ పరీక్ష నమ్మకం? – రివ్యూ

నమస్కారం. ఇంట్లో మొదటిసారి పళ్ల జామ్ చేయాలనుకునేవారికి ఎదురయ్యే ప్రశ్నలు ముఖ్యంగా రెండు: ఏ పండుతో మొదలుపెట్టాలి, స్టవ్ ఎప్పుడు కట్టేయాలి. ఈ వీడియోలో జామకాయ, అనాస, మామిడి, స్ట్రాబెర్రీ పళ్లను, జామ్ తయారైందో లేదో తెలుసుకునే పద్ధతులను పక్కపక్కన పెట్టి, కొత్తవారికి వాటిలో ఏది అక్కరకొస్తుందో, ఏది డబ్బు దండగో నా అభిప్రాయం చెబుతాను. నా ఓటు జామకాయకు, ఫ్రీజర్‌లో పెట్టిన ఒక మామూలు స్టీలు ప్లేటుకు. ఎందుకో వివరిస్తాను.

పళ్ల కణాల గోడల్లో ఉండే పెక్టిన్, పండులోని పులుపు, మనం వేసే చక్కెర, ఈ మూడూ తగిన పాళ్లలో కలిస్తేనే జామ్ గడ్డకడుతుంది. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది, పులుపు పెక్టిన్ పోగులు ఒకదాన్నొకటి తోసుకోకుండా ఆపుతుంది, అప్పుడు ఆ పోగులు వలలా అల్లుకుని మిగిలిన పాకాన్ని తమలో పట్టి ఉంచుతాయి. మూడింటిలో ఒకటి తగ్గినా మీరు ఎంతసేపు ఉడికించినా వచ్చేది పళ్ల పాకమే తప్ప జామ్ కాదు.

జామకాయలో పెక్టిన్ పుష్కలంగా ఉంటుంది. అయితే కాయ దోరగా ఉన్నప్పుడు ఉన్నంత పెక్టిన్ బాగా మగ్గిన పండులో ఉండదు, ఎందుకంటే పండు మెత్తబడటమంటేనే ఆ పెక్టిన్ విరిగిపోవడం. వాసన మాత్రం మగ్గిన పండులోనే బాగుంటుంది. అందుకే మూడు వంతులు దోరకాయలు, ఒక వంతు మగ్గిన పళ్లు కలిపి తీసుకోమంటాను. ఎర్ర గుజ్జు రకం దొరికితే రంగు విషయంలో ఇంకేమీ చేయనవసరం లేదు.

కాయలను ముక్కలుగా కోసి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, గరిటెతో నొక్కితే చితికేదాకా ఉడికించాలి. తరువాత స్టీలు జల్లెడలో వేసి గరిటె వెనుక వైపుతో రుద్దితే గుజ్జు కిందికి దిగి, గింజలు పైన మిగులుతాయి. జామకాయ విషయంలో నిజంగా విసుగు పుట్టించే పని ఇదొక్కటే. మిక్సీలో వేస్తే గింజలు పగిలి జామ్ ఇసుకలా పంటికి తగులుతుంది కాబట్టి ఆ దారి పట్టవద్దు.

ఒక కిలో గుజ్జుకు 750 గ్రాముల చక్కెర, మోస్తరు సైజు నిమ్మకాయలు మూడింటి రసం సరిపోతాయి. జామకాయలో పెక్టిన్‌కు కొరత లేకపోయినా పులుపు చాలదు కనుక నిమ్మరసాన్ని మానవద్దు. గిన్నె మందపాటి అడుగున్న స్టీలుదై ఉండాలి, ఎందుకంటే అల్యూమినియం పులుపుతో కలిసి రుచినీ రంగునూ చెడగొడుతుంది. చక్కెర కరిగాక గుజ్జు నురగ కట్టి పైకి పొంగుతుంది, కాబట్టి మొదట గిన్నె సగం కంటే తక్కువే నిండి ఉండేలా చూసుకోండి. చివరి దశలో బుడగలు పెద్దవై, చిక్కగా, చప్పుడు చేస్తూ పగిలి చిట్లుతాయి. ఆ చుక్క చేతిమీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. పొడవాటి కాడ ఉన్న గరిటె వాడండి, పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

అనాసలో పులుపు ఉంది కానీ పెక్టిన్ తక్కువ. మన్యం నుంచి వచ్చే అనాసకు ఎంత మంచి వాసన ఉన్నా ఒంటరిగా ఉడికిస్తే జారుడుగానే మిగులుతుంది. నాలుగోవంతు జామ గుజ్జు కలిపితే గట్టిపడుతుంది, అనాస రుచి కూడా ఎక్కడికీ పోదు. రెండోసారి చేసేవారికి ఈ కలయిక నాకు బాగా నచ్చిన ఎంపిక. బంగినపల్లిలో తీపే తప్ప పులుపు ఉండదు కనుక, కిలోకు ఒక పుల్లటి పచ్చిమామిడికాయను తురిమి కలపాలి. పచ్చికాయలో పులుపు, పెక్టిన్ రెండూ ఉంటాయి. స్ట్రాబెర్రీ లంబసింగి నుంచి వచ్చినా, మహాబలేశ్వర్ నుంచి వచ్చినా, చూపులకు ఎంత ఊరించినా, పెక్టిన్ తక్కువగా ఉండే ఖరీదైన పండు కాబట్టి చేయి తిరిగేవరకు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఇప్పుడు అసలు పరీక్షల సంగతి. అరిసెలకు పాకం పట్టి అలవాటున్నవారు జామ్‌ను కూడా రెండు వేళ్ల మధ్య సాగదీసి తీగ కోసం చూస్తారు. ఆ పరీక్ష చక్కెర పాకం చిక్కదనాన్ని చెబుతుంది గానీ పెక్టిన్ గడ్డకడుతుందో లేదో చెప్పదు, ఎందుకంటే పెక్టిన్ తన పని చేసేది చల్లారాకే. కాబట్టి దానికి నేను మార్కులు వేయను.

థర్మామీటరు నమ్మకమైనదే, కానీ దానితో పాటు వచ్చే సూచనల్లో చాలా చోట్ల 105 డిగ్రీల సెల్సియస్ అని మాత్రమే ఉంటుంది. అది సముద్రమట్టానికి వర్తించే లెక్క. విశాఖపట్నం తీరంలో ఉన్నవారికి అది సరిపోతుంది కానీ, హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అంటే జామ్ 103 దగ్గరే తయారవుతుంది, 105 దాకా ఆగితే చెంచా దిగనంత గట్టిపడి, రంగు ముదిరి, పండు వాసన పోయి మిఠాయి వాసన వస్తుంది. దీనికి సులువైన ఉపాయం ఏమిటంటే, ముందు మామూలు నీళ్లు మరిగించి థర్మామీటరు ఎంత చూపిస్తుందో రాసుకుని, దానికి 5 డిగ్రీలు కలపడం. చౌక థర్మామీటరులో చిన్న తేడా ఉన్నా ఈ పద్ధతిలో అది సర్దుకుపోతుంది.

కిచెన్ తూకం ఉన్నవారికి ఇంకో మార్గం ఉంది, దీని గురించి ఎందుకో తక్కువమంది మాట్లాడతారు. ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకోండి. కిలో గుజ్జు, 750 గ్రాముల చక్కెర కలిపి ఉడికించినప్పుడు, గిన్నె బరువు తీసేస్తే 1,250 నుంచి 1,300 గ్రాముల మధ్యకు దిగిందంటే, అందులో కరిగిన ఘనపదార్థాలు సుమారు 65 శాతానికి చేరినట్టే. మన దేశంలో అమ్మకానికి పెట్టే జామ్‌కు ఆహార ప్రమాణాలు కోరే కనీస స్థాయి కూడా అదే. వేడి గిన్నెను తూకం మీద పెట్టేటప్పుడు కింద చెక్కపలక ఉంచి, ఆ పలక బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంతకీ నేను మొదటి స్థానం ఇచ్చేది ప్లేటు పరీక్షకే. స్టవ్ వెలిగించేటప్పుడే ఒక చిన్న ప్లేటును ఫ్రీజర్‌లో పెట్టండి. బుడగలు చిక్కబడ్డాక ఒక చెంచాడు జామ్ దాని మీద వేసి, ఒక నిమిషం ఆగి, వేలితో పక్కనుంచి మెల్లగా నెట్టండి. పైపొర పాల మీగడలా ముడతలు పడి, వేలు వెళ్లిన దారి మళ్లీ మూసుకోకపోతే జామ్ అయినట్టే. ముడత రాకుండా పాకం వెనక్కి పారితే ఇంకో రెండు మూడు నిమిషాలు ఉడికించి మళ్లీ చూడాలి. చూస్తున్నంతసేపు స్టవ్ తప్పక ఆపి ఉంచండి, లేకపోతే ప్లేటు మీద పరీక్ష జరుగుతుండగానే గిన్నెలో జామ్ ముదిరిపోతుంది.

గాజు సీసాలను, మూతలను 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, తడి ఆరాక, ఇంకా వేడిగా ఉండగానే వేడి జామ్ నింపి మూత బిగించాలి. చల్లటి సీసాలో మరిగే జామ్ పోస్తే గాజు పగులుతుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచి, ఎప్పుడూ పొడి చెంచానే వాడాలి. బూజు కనిపిస్తే పైన గీకేసి మిగతాది తినవద్దు, సీసాడూ పారేయాలి. ఆరోగ్యం కోసం చక్కెరను సగానికి తగ్గిస్తామనేవారికి ఒక మాట: చక్కెర తీపికే కాదు, గడ్డకట్టడానికీ నిలవకూ అదే ఆధారం. తక్కువ తీపి కావాలంటే కొద్దిగా చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా వాడేయండి.

చివరగా, ఆన్‌లైన్‌లో దొరికే పెక్టిన్ పొడి. జామకాయతో మొదలుపెట్టేవారికి దాని అవసరం లేదు. స్ట్రాబెర్రీయే చేస్తామని పట్టుబట్టేవారు మాత్రం కొనవచ్చు, కానీ దాన్ని నేరుగా గిన్నెలో చల్లితే ఉండలు కడుతుంది, ముందుగా ఐదింతల పొడి చక్కెరలో కలిపి తరువాత వేయాలి. పైగా పెక్టిన్‌లో రకాలున్నాయి: ఒక రకానికి ఎక్కువ చక్కెర, పులుపు కావాలి, తక్కువ చక్కెర జామ్‌లకు వాడే ఇంకో రకానికి కాల్షియం కావాలి. ఏ రకమో ప్యాకెట్ మీద రాసి లేకపోతే దాన్ని కొనవద్దు.