విమానం హీటర్‌లోంచి ఇంజిన్ పొగ వస్తే?

[దృశ్యం: ఆర్కే బీచ్. టీయూ-142 ముందు నిలబడి]

నమస్కారం. నా వెనక ఉన్న ఈ విమానం మన నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసింది. ఇవాళ మాట్లాడబోయేది ఇంత పెద్దదాని గురించి కాదు. షెడ్డులో సొంతంగా కట్టుకునే, ఇద్దరు పట్టే చిన్న విమానం గురించి. అందులోని హీటర్ గురించి.

వైజాగ్ ఉక్కపోతలో హీటర్ ఎందుకంటారా? వెయ్యి అడుగులు పైకి వెళ్తే సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. కింద 28 ఉంటే పదివేల అడుగుల్లో 8 డిగ్రీలే.

లంబసింగి చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు బిగించుకుని పడుకోవద్దని పెద్దవాళ్లు ఎందుకంటారో తెలుసు కదా. కుంపటిలోంచి వచ్చే ఆ కార్బన్ మోనాక్సైడే పెట్రోలు ఇంజిన్ పొగలోనూ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

[దృశ్యం: బోర్డు మీద మఫ్లర్ బొమ్మ]

చాలా చిన్న విమానాల్లో హీటర్ అంటే ఇంతే: ఎగ్జాస్ట్ మఫ్లర్ (ఇంజిన్ పొగ పోయే సైలెన్సర్) చుట్టూ ఒక రేకు తొడుగు. బయటి గాలి ఈ సందులోంచి వెళ్లి, వేడెక్కి, గొట్టం గుండా కేబిన్‌లోకి వస్తుంది. అంటే మనం పీల్చే గాలికీ పొగకీ మధ్య ఉన్నది పలుచని లోహమే. అది ప్రతిసారీ కాలుతుంది, చల్లారుతుంది, ఇంజిన్‌తో పాటు అదురుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

అందుకే తొడుగు విప్పి చూడాలి. విప్పకుండా పైపైన చూస్తే ఏమీ కనపడదు. వెల్డింగ్ అతుకుల దగ్గర బూడిదరంగు చార ఉంటే అనుమానించండి. వ్యాక్యూమ్ క్లీనర్‌ను గాలి ఊదేలా పెట్టి, ఎగ్జాస్ట్ గొట్టంలోకి మెల్లగా ఊదండి. అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాయండి. బుడగలు లేస్తే అక్కడ చిల్లు ఉన్నట్టే. సైకిల్ ట్యూబుకి పంచర్ వెతికినట్టే అనుకోండి.

హీటర్ బాగున్నా పొగ రావచ్చు. ఎగురుతున్నప్పుడు కేబిన్‌లో గాలి ఒత్తిడి చాలాసార్లు బయటికంటే తక్కువగా ఉంటుంది, కాబట్టి కేబిన్ బయటి గాలినీ, దాంతోపాటు పొగనూ లోపలికి పీలుస్తుంది. ఫైర్‌వాల్‌లో, అంటే ఇంజిన్‌కీ కేబిన్‌కీ మధ్య ఉండే గోడలో, వైర్లు, కేబుళ్లు దూరే రంధ్రాలను మంటకు తట్టుకునే సీలెంట్‌తో మూసేయండి. పొట్ట కిందా తోక దగ్గరా ఉన్న సందుల్ని మర్చిపోవద్దు. ఎగ్జాస్ట్ గొట్టం పొట్టిగా ఉంటే పొగ పొట్టను రాసుకుంటూ పోయి ఆ సందుల్లోంచే దూరుతుంది.

ఇంత చేసినా కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే డిటెక్టర్ తప్పనిసరి. ఈ వాయువు తగిలితే రంగు మారే కార్డు నాకు నచ్చదు. దాన్ని మనమే గుర్తుపెట్టుకుని చూడాలి, ఈ వాయువు మొదట మందగింపజేసేది ఆ బుద్ధినే. గట్టిగా మోగేది కొనండి. 2019 జనవరి 21న ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలిన విమానంలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా చనిపోయాడు. అతని రక్తంలో 58 శాతం హిమోగ్లోబిన్‌ను ఈ వాయువే పట్టేసుకుని ఉంది. అది ఫ్యాక్టరీలో తయారైన విమానం.

[దృశ్యం: ముఖం దగ్గరగా]

గాల్లో ఉండగా అలారం మోగినా, తలనొప్పి, వికారం మొదలైనా హీటర్ కట్టేయండి. బయటి గాలి వెంట్లు పూర్తిగా తెరవండి. ఆక్సిజన్ ఉంటే పెట్టుకోండి. దగ్గర్లోని రన్‌వే మీద దిగిపోండి.

దిగాక, కోవిడ్ అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 చూసి ధైర్యపడొద్దు. మామూలు ఆక్సీమీటర్‌కు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఆక్సిజన్ ఉన్నట్టే కనిపిస్తుంది. ఆసుపత్రికి వెళ్లి, "ఇంజిన్ పొగ పీల్చాను, కార్బన్ మోనాక్సైడ్ రక్తపరీక్ష చేయండి" అని మీరే చెప్పండి.