లూక్ కత్తి ఆకుపచ్చగా ఎందుకు మారింది?
(యానిమేషన్ విద్యార్థుల సభలో ఒక రోటో ఆర్టిస్ట్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు గానీ, నాకంటే ముందు మాట్లాడినవాళ్లందరూ చదివేశారు, మళ్లీ నేనూ మొదలుపెడితే మీరు టీకి లేచిపోతారు. అందుకే అందరికీ కలిపి ఒకటే నమస్కారం. నాకిచ్చిన టాపిక్ "సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో రంగులు". అంత పెద్దది నా వల్ల కాదు, ఒక్క కత్తి గురించి చెప్తాను.

స్టార్ వార్స్ చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. 1977లో వచ్చిన మొదటి సినిమాలో ఓబీ-వాన్ అనే పెద్దాయన లూక్ స్కైవాకర్ అనే కుర్రాడికి "ఇది మీ నాన్నది" అని ఓ పిడి ఇస్తాడు, నొక్కితే నీలం వెలుగు కత్తిలా వస్తుంది, అదే లైట్‌సేబర్. 1980లో వచ్చిన రెండో సినిమాలో విలన్ డార్త్ వేడర్ లూక్ చెయ్యి నరికేస్తాడు, చేతితో పాటు కత్తీ పోతుంది. నరికేశాక చెప్తాడు, నేనే మీ నాన్నని అని. ఇక 1983లో మూడోది, రిటర్న్ ఆఫ్ ద జెడై. ఎడారిలో లూక్‌ని గోతిలోకి తోసేయబోతుంటే ఆర్టూ-డీటూ రోబో తలలోంచి పిడి ఎగిరొచ్చి చేతిలో పడుతుంది, వెలిగిస్తే ఆకుపచ్చ! అప్పటిదాకా ఆ సినిమాల్లో నీలం, ఎరుపు తప్ప మూడో రంగు కత్తే లేదు.

ఎందుకు మార్చారంటే, వెనకాల ఆకాశం నీలంగా ఉంది కాబట్టి.

నవ్వకండి, నిజంగా అంతే. అమెరికాలో యూమా దగ్గర బటర్‌కప్ వ్యాలీ అనే ఇసుక దిబ్బల్లో పట్టపగలు తీశారు ఆ సీను. మొదటి రెండు సినిమాల్లో కత్తియుద్ధాలు గుర్తు తెచ్చుకోండి, అంతరిక్ష ఓడల్లోపల, చీకటి గదుల్లో, పొగలో జరుగుతాయి, అక్కడ నీలం వెలుగు అద్భుతంగా కనబడుతుంది. ఎండలో అలా కాదు. కత్తి వెలుగుని ఆల్రెడీ తీసిన బొమ్మ మీద మళ్లీ ఎక్స్‌పోజ్ చేసి కలిపేవాళ్లు, ఆప్టికల్ ప్రింటర్ మీద, అంటే ఒక ఫిల్మ్ మీది బొమ్మని ఇంకో ఫిల్మ్ మీదికి ఎక్కించే యంత్రం మీద. కత్తి మధ్యభాగం ఎలాగూ తెల్లగానే ఉంటుంది, రంగు తెలిసేది చుట్టూ ఉన్న కాంతి వల్లే. వెనక ఎండ కాసే ఆకాశం ఉంటే ఆ నీలం కాంతి అందులో కలిసిపోతుంది, హీరో గాల్లో చేతులూపుతున్నట్టు ఉంటుంది. మొదట నీలంగానే చేశారు కూడా. ఆ సినిమా తొలి ట్రైలర్ చూడండి, లూక్ చేతిలో నీలం కత్తే ఉంటుంది. తర్వాత మార్చారు.

కథలో కారణం వెనకాల వచ్చింది. నాన్న కత్తి పోయింది, కొడుకు తన కత్తి తనే చేసుకున్నాడు, కాబట్టి రంగు వేరు. బాగుంది, నాకూ ఇష్టమే. లూక్ గుహలో కూర్చుని కత్తి బిగించుకునే సీను తీసి, సినిమాలోంచి కోసేశారు, 2011 బ్లూ-రేలో అది చూడొచ్చు. 1996లో ఒక నవల వచ్చింది, అందులో ఓబీ-వాన్ ఉన్న పాత ఇంట్లోనే లూక్ కత్తికి వెలుగునిచ్చే స్ఫటికం తయారుచేసుకుంటాడు. ఇంకా తర్వాత కైబర్ స్ఫటికాలన్నారు, రంగు మనిషిని బట్టి వస్తుందన్నారు, చెడ్డవాళ్లు స్ఫటికాన్ని హింసిస్తే ఎర్రబడుతుందన్నారు. 2003లో వచ్చిన ఒక వీడియో గేమ్ అయితే నీలం యోధులకి, ఆకుపచ్చ జ్ఞానులకి, పసుపు ఇద్దరికీ మధ్యవాళ్లకి అని పంచిపెట్టేసింది. మన పౌరాణిక సినిమాల్లో బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పులు కక్కేవి, ఆ నిప్పు ఫలానా రంగులో ఎందుకుందని మనం ఏనాడూ అడగలేదు, అడిగి ఉంటే మనకీ ఓ పురాణం దొరికేదేమో!

కానీ నేను చెప్పదలుచుకున్నది స్ఫటికాల సంగతి కాదు. ఆ రంగు వేసిన మనుషుల సంగతి.

సెట్లో నటుల చేతిలో ఉండేది ఉత్త కర్ర. 1977లో దానికి రోడ్డు సైన్‌బోర్డుల మీద మెరిసే రకం పూత పూసి, మోటార్‌తో తిప్పి, అదే వెలుగులా కనబడుతుందని ఆశపడ్డారు. చాల్లేదు. అప్పుడు ప్రతి ఫ్రేమ్‌లో కర్ర ఎక్కడుందో చేత్తో గీశారు. సెకనుకి 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాట్‌లో ఇద్దరు కొట్టుకుంటుంటే 96 ఫ్రేములు, రెండేసి కత్తులు, లెక్క మీరే వేసుకోండి. రోటోస్కోపింగ్ అంటే ఇదే, మీలో సగం మంది రేపు చేయబోయే ఉద్యోగం ఇదే, హైదరాబాద్‌లో నేను చేస్తున్నదీ ఇదే. పెన్సిల్ పోయి మౌస్ వచ్చింది, అంతకుమించి పెద్ద తేడా లేదు.

మొదటి సినిమాలో ఆ కత్తులు గీసినవాళ్లలో నెల్సన్ షిన్ అని ఒకాయన ఉన్నారు. కొరియాలో పుట్టి అమెరికా వెళ్లి డిపాటీ-ఫ్రెలెంగ్ అనే కార్టూన్ కంపెనీలో పనిచేసేవారు. కత్తి కొంచెం మిణుకుమిణుకుమంటుందే, అది ఆయన పట్టుకున్న కిటుకు, ఒక ఫ్రేమ్‌లో వెలుగు ఎక్కువ, పక్క ఫ్రేమ్‌లో తక్కువ. ఆ వణుకు లేకపోతే ట్యూబ్‌లైట్ పట్టుకుని కొట్టుకున్నట్టు ఉండేది. ఎండ్ టైటిల్స్‌లో డిపాటీ-ఫ్రెలెంగ్ పేరు ఉంటుంది. ఆయన పేరు ఉండదు.

ఇంకోటి చూడండి. 2004లో ఆ పాత సినిమాకి రంగులు సరిచేసి డీవీడీ వేశారు. అందులో ఫాల్కన్ ఓడలో లూక్ హెల్మెట్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసే చోట కత్తి ఆకుపచ్చగా తేలింది, మూడో సినిమాలో రావాల్సిన రంగు మొదటి సినిమాలోనే వచ్చేసింది! 2011 దాకా సరిచెయ్యలేదు. మా పనిలో ఓ ఫ్రేమ్‌లో జుట్టు అంచు ఒక్క పిక్సెల్ జరిగితే అర్ధరాత్రి ఫోన్ చేసి లేపుతారండీ.

ఇది చెప్పాలా వద్దా అని వచ్చేదారంతా ఆలోచించాను, చెప్పేస్తాను. మా టీమ్ ఒక విదేశీ సిరీస్‌కి పనిచేసింది, పేర్లు చెప్పను. వర్షం సీను. వర్షంలో తడిసిన జుట్టుని రోటో చెయ్యడం ఎలా ఉంటుందో చేసినవాళ్లని అడగండి. రాత్రిళ్లు ఆఫీసులోనే పడుకున్నాం. నా పక్క సీటు తమ్ముడు వాళ్ల ఊళ్లో అందరికీ చెప్పేశాడు, నా పేరు తెర మీద వస్తుందని. సిరీస్ వచ్చింది. వాళ్ల ఇంట్లోవాళ్లకి ఇంగ్లీషు సినిమా అర్థంకాదు, అయినా మొత్తం కూర్చుని చూసి, చివర్లో పేర్లు వస్తుంటే ఫోన్‌లో ఆపి ఆపి వెతికారు. మా స్టూడియో పేరు ఒక లైను ఉంది. దాని కింద పైవాళ్ల పేర్లు కొన్ని. మావి లేవు. వాళ్ల నాన్న ఫోన్ చేసి "ఏరా, నువ్వు అక్కడ నిజంగానే పనిచేస్తున్నావా?" అన్నారట. అడిగితే మాకు వచ్చిన జవాబు, క్లయింట్ ఇచ్చినవి ఇన్ని పేర్లే, సీనియారిటీ ప్రకారం పెట్టాం అని. ఆ తమ్ముడు తర్వాత ఈ ఫీల్డే వదిలేశాడు. అదొక్కటే కారణం అనను, జీతం కూడా ఉంది, కానీ అదీ ఒక కారణమే.

సరే, టైమ్ అయిపోవచ్చిందని సైగ చేస్తున్నారు. 2017 సినిమాలో ముసలి లూక్ మళ్లీ నీలం కత్తితో వస్తాడు, అప్పటికే విరిగిపోయిన నాన్న కత్తి అది, అంటే అక్కడ కనబడేది మాయారూపమే, అసలు మనిషి అక్కడ లేడని రంగే చెప్పేసింది, దాని గురించి చాలా రాసుకొచ్చాను గానీ వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఊదారంగు కత్తి ఉంది కదా, మేస్ విండూ అనే పాత్రది. అది ఎలా వచ్చిందో తెలుసా? 2002 సినిమాలో పెద్ద యుద్ధం సీను ఉంది, పక్కపక్కనే బోలెడు మంది జెడైలు, అంటే ఈ కత్తులు పట్టే మంచి యోధులు. ఆ పాత్ర వేసిన శామ్యూల్ ఎల్. జాక్సన్ డైరెక్టర్ జార్జ్ లూకాస్ దగ్గరికి వెళ్లి, నాకు ఊదారంగు కావాలి, అంతమందిలో నేనెక్కడున్నానో నాకు కనబడాలి అని అడిగాడు. ఇచ్చారు.

మీరూ అడగండి. ఇంటర్వ్యూలో జీతం మాట్లాడాక, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు, స్క్రీన్ క్రెడిట్ సంగతేంటని అడగండి. నవ్వుతారు, ఫ్రెషర్‌కి అప్పుడే పేరా అంటారు. అననివ్వండి. ఒక్కరే అడిగితే నవ్వుతారు, బ్యాచ్ మొత్తం అడిగితే హెచ్ఆర్ వాళ్లు పైకి మెయిల్ పెట్టాల్సిందే కదా. ఫ్యాకల్టీ కూడా ఇక్కడే ఉన్నారు, ప్లేస్‌మెంట్‌కి కంపెనీలు వచ్చినప్పుడు ఫారంలో ఈ ప్రశ్న ఒకటి చేర్చండి సార్, మీకు పైసా ఖర్చు లేదు.

ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ వెనక వరుసకి ఇవ్వండి, ఆ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది.