వర్కౌట్ అయిన అరగంటలో ప్రోటీన్ తాగకపోతే ఏమవుతుంది?

నమస్తే అండీ. చివరి సెట్ అయ్యి, బార్ ఇంకా ర్యాక్‌లో పెట్టామో లేదో, పక్కన షేకర్ల గలగల మొదలవుతుంది. అరగంట దాటితే పడ్డ కష్టమంతా వృథా అని మనందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేనూ నమ్మాను. ఒకసారి పౌడర్ ఇంట్లో మర్చిపోయానని లెగ్ డే మొత్తం ఎగ్గొట్టి వెనక్కి వెళ్లిపోయాను. ప్రోటీన్ లేనప్పుడు స్క్వాట్స్ కొట్టి ఏం లాభం అనుకున్నాను మరి! ఆ టెన్షన్ మీకు అక్కర్లేదు. ఎందుకో గడియారం ముందు పెట్టుకుని చూద్దాం.

కండరంలో పాత ప్రోటీన్ కరగడం, కొత్తది తయారవడం రోజంతా నడుస్తూనే ఉంటాయి. బరువులెత్తాక రెండూ పెరుగుతాయి. ఖాళీ కడుపుతో ఉంటే కరిగేదే ఎక్కువ, తింటే తయారయ్యేది ఎక్కువ. అయితే ఈ తయారీ జోరు అరగంటకే చల్లారిపోదు. కనీసం 24 గంటలు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి 48 గంటల దాకా కూడా ఉండొచ్చు.

మరి ఈ అరగంట గోల ఎక్కడిది? 2001లో వచ్చిన ఒక చిన్న అధ్యయనానికి ఇందులో వాటా ఉంది. సగటున 74 ఏళ్ల వయసున్న 13 మంది పెద్దవాళ్లతో 12 వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి 10 గ్రాముల ప్రోటీన్ వెంటనే ఇచ్చారు, మిగతావాళ్లకి రెండు గంటలాగి ఇచ్చారు. వెంటనే తీసుకున్నవాళ్లకే కండ పెరిగింది. ఆ పదమూడు మంది పెద్దాయనల లెక్కని పాతికేళ్ల కుర్రాళ్లందరికీ అంటగట్టేశారు!

2013లో ఇలాంటి అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. పైకి చూస్తే వెంటనే తీసుకున్నవాళ్లదే పైచేయి. తీరా చూస్తే, వాళ్లు రోజు మొత్తంలో తిన్న ప్రోటీనే ఎక్కువ. ఆ తేడా సరిచేసి చూస్తే టైమింగ్ వల్ల వచ్చిన లాభం కనిపించలేదు. 2017లో ఇంకో పరీక్ష జరిగింది. 25 గ్రాముల ప్రోటీన్ కొందరు వర్కౌట్‌కి ముందు, కొందరు తర్వాత, పది వారాలు తీసుకున్నారు. రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి మొదట చూసుకోవాల్సింది రోజు మొత్తం. ఒంటి బరువులో కిలోకి సుమారు 1.6 గ్రాములు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు, నాలుగు పూటలకి పంచితే పూటకి 28. ఒక పూట 40 అయ్యి ఇంకో పూట 20 అయినా కొంప మునగదు. ఒక పూటకి 30 గ్రాములు దాటితే ఒంటికి పట్టదనేది కూడా ఉత్త మాటే. ఎక్కువ తింటే అరగడానికి ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే.

ఇప్పుడు ఈ బోర్డు చూడండి. వర్కౌట్‌కి ముందు తిన్న పూటకి ఒక గీత, తర్వాత తినే పూటకి ఒక గీత. ఈ రెండింటి మధ్య ఎడం ఎంతో చూడాలి. అది పెరిగేకొద్దీ ఖాళీ కడుపుతో ఉండే టైమ్ పెరుగుతుంది.

నాలుగింటికి తిన్నారు, ఐదింటికి జిమ్, ఆరుంబావుకి బయటికి, ఎనిమిదింటికి భోజనం. ఎడం నాలుగు గంటలు. మీరు బరువులెత్తుతున్నంతసేపూ ఆ నాలుగింటి తిండి ఇంకా అరుగుతూనే ఉంది. షేక్ అవసరమే లేదు, తాపీగా స్నానం చేసి తినండి.

రెండోది. ఒంటిగంటకి భోజనం, ఆరున్నరకి జిమ్, ఏడుముప్పావుకి అయిపోయింది, ఇల్లు చేరి తినేసరికి తొమ్మిదిన్నర. ఎనిమిదిన్నర గంటలు! ఆఫీసుల్లో పనిచేసే చాలామంది ఇక్కడే దొరికిపోతారు. దీనికి మందు వర్కౌట్ తర్వాత కాదు, ముందు ఉంది. ఐదింటికి రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు తీసుకోండి. గుడ్డుకి ఆరు గ్రాముల చొప్పున పన్నెండు, పాలల్లో ఎనిమిది, మొత్తం ఇరవై. ఎడం సగానికి తెగిపోయింది.

మూడోది, రాత్రి తొమ్మిదింటికి తిని, పొద్దున్నే ఆరింటికి ఖాళీ కడుపుతో జిమ్‌కి వెళ్లేవాళ్లు. మీకు మాత్రం ఆ తొందర నిజమే. ఏడింటికి దిగారంటే అప్పటికే పది గంటలైంది. ఇంక ఆలస్యం చేయకండి. షేకర్ పట్టుకెళ్లాల్సింది మీరే.

అరవై దాటిన అమ్మానాన్నలు వ్యాయామం చేస్తుంటే వాళ్లకి ఏ పూటా మోతాదు తగ్గకూడదు. వయసు పెరిగేకొద్దీ కండరం చిన్న మోతాదుకి సరిగ్గా స్పందించదు. ప్రతి పూటకీ ఒంటి బరువులో కిలోకి 0.4 గ్రాములు వేసుకోండి. పొద్దున కాఫీ, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకునే పెద్దవాళ్లకి ముందు సరిచేయాల్సింది ఆ పూటే. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్కలేవీ వద్దు, డాక్టర్ చెప్పిందే తినాలి.

పడుకునే ముందు పాలు తాగాలా అని అడుగుతుంటారు. రోజు లెక్క తగ్గిన రాత్రి తాగండి, పనికొస్తుంది. లెక్క నిండిపోతే నిద్రపోండి.

షేకర్ సంగతి ఒకటి చెప్పాలి. తాగేశాక మూత బిగించి బ్యాగులో పడేసి, రెండు రోజుల తర్వాత తీశారనుకోండి, ఆ కంపుకి ఇంట్లోవాళ్లు మిమ్మల్ని కూడా బయటే నిలబెడతారు. దాన్ని కడగడంలో మాత్రం అరగంట రూలు నిజమే.