పూల్ నీళ్లు సగమే తియ్యండి

హోస్ట్: అందరికీ నమస్కారం, బెజవాడ నుంచి. ఇవాళ్టి ప్రశ్న గుంటూరు గోరంట్ల నుంచి వచ్చింది. ఇంటి వెనక 30 బై 15 పూల్ కట్టుకున్నారు, సగటు లోతు నాలుగు ముప్పావు అడుగులు. క్లోరిన్ బిళ్లలు వేస్తూనే ఉన్నారంట, నీళ్లు పచ్చగానే ఉంటున్నాయంట. మొత్తం తోడేసి కొత్త నీళ్లు పట్టమంటారా అని అడుగుతున్నారు. పూల్స్ పనిలో ఉన్న మా బాబాయ్ పక్కనే కూర్చున్నాడు. ఏమంటావ్ బాబాయ్?

బాబాయ్: తోడటం ఎంతసేపమ్మా, మోటారు పెడితే అయిపోద్ది. ఆయన వేసే బిళ్ల ఏంటో ముందు చెప్పు.

హోస్ట్: డబ్బా మీద టీసీసీఏ 90 అని ఉందంట. 200 గ్రాముల బిళ్ల.

బాబాయ్: అనుకున్నా. దాంట్లో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ కూడా ఉంటది. మేం స్టెబిలైజర్ అంటాం. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టుకునేది అదే, మంచిదే. కాకపోతే క్లోరిన్ ఖర్చయిపోద్ది, ఇది అక్కడే ఉండిపోద్ది. ఎండకి పోదు, ఆవిరిలో పోదు. ఈయన పూల్ సుమారు 60 వేల లీటర్లు. ఒక్కో బిళ్లకి దాదాపు 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు, స్టెబిలైజర్ చేరుద్ది. రెండు ఎండాకాలాలు వేశారంటే ఎక్కడికి పోయిందో నువ్వే లెక్కేసుకో.

హోస్ట్: ఎక్కువైతే ఏమవుద్ది?

బాబాయ్: క్లోరిన్ కట్టేసినట్టే. టెస్టులో ఉన్నట్టు కనపడుద్ది, పాచిని చంపదు. స్టెబిలైజర్ ఎంతుందో అందులో 7, 8 శాతం క్లోరిన్ ఉండాలని మా లెక్క. 40 ఉంటే 3 సరిపోద్ది. 150 ఉందనుకో, 11 పైన పెట్టాలి. ఈయన 2, 3 దగ్గర పెట్టి, చాల్లేదని ఇంకో బిళ్ల వేస్తున్నాడు. దాంతో స్టెబిలైజర్ ఇంకాస్త పెరుగుద్ది.

హోస్ట్: మరి టెస్టు పట్టీల్లో కనపడదా?

బాబాయ్: పట్టీలు దీనికి నమ్మొద్దు. గొట్టంలో నీళ్లు పోసి అడుగున నల్ల చుక్క మాయమయ్యే దాకా చూసే కిట్ ఉంటది, అది వాడండి. గొట్టం మీద అంకె 100 దాటి పోదు. 100 దగ్గరే చుక్క పోయిందంటే, పూల్ నీళ్లలో అంతే మంచినీళ్లు కలిపి మళ్లీ చూసి రెట్టింపు చెయ్యాలి. చాలామంది 100 చూసి అక్కడే ఆగుతారు, అసలుది 180 ఉండొచ్చు. ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అంటే నీళ్లలో క్షారం, సున్నం ఎంతున్నాయో చూసే కిట్లకైతే ఎక్కడా తిరగక్కర్లేదు. మన జిల్లాలో చేపల చెరువుల వాళ్లకి మందులమ్మే షాపుల్లో దొరుకుతాయి.

హోస్ట్: సరే, 150 వచ్చిందనుకుందాం. ఇంక తోడెయ్యడమేగా?

బాబాయ్: సగం. మొత్తం మాత్రం వద్దు. బెజవాడలో అయితే అస్సలొద్దు.

హోస్ట్: అంత గట్టిగా చెప్తున్నావ్, ఎందుకు?

బాబాయ్: 60 వేల లీటర్లంటే 60 టన్నుల బరువమ్మా. ఆ బరువే పూల్‌ని నేలలో కూర్చోబెట్టి ఉంచుద్ది. కింద భూమిలో నీళ్లు పైకి ఉండి, పైన తొట్టి ఖాళీ అయితే, అది పడవే. ఫైబర్ పూల్ అయితే లేచిపోద్ది, కాంక్రీటుదైతే నేల ఉబ్బి పగులుద్ది. అడుగున డ్రెయిన్‌లో హైడ్రోస్టాటిక్ వాల్వ్ పెట్టించుకుంటే కింద నీళ్లు లోపలికొచ్చి ఒత్తిడి తగ్గుద్ది, కానీ ఇళ్లల్లో పెట్టించేది ఎంతమంది? పోరంకి, కానూరు, తాడిగడప, ఇదంతా బందరు కాలవ పక్కనే కదా. కాలవ పారుతున్నన్నాళ్లూ పొలాల్లో నీళ్లు పైకే ఉంటాయి.

హోస్ట్: ఎండాకాలం కాలవలు కట్టేస్తారుగా, అప్పుడు చేస్తే?

బాబాయ్: నీళ్లు దిగుతాయి, నిజమే. ఇంకోపక్క రోహిణి కార్తె ఎండ. ఖాళీ తొట్టిలో టైల్స్ ఆ ఎండకి ఊడొస్తాయి. అందుకే నేను సగమే అనేది, సాయంత్రం మొదలెట్టి తెల్లారేసరికి నింపడం పెట్టుకోమనేది. ఇంక వానాకాలం ఊసే ఎత్తొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చూశాంగా, ఊళ్లోకి ఎంత నీరొచ్చిందో. అలాంటప్పుడు పూల్లోకి బురద చేరితే ఎవరికైనా మొదట తోడెయ్యాలనే అనిపిస్తది. నేల మొత్తం నాని ఉన్న ఆ వారాల్లో తోడటం అంత ప్రమాదం ఇంకోటి లేదు. పటిక కొట్టి, మడ్డి అడుగుకి దిగాక వాక్యూమ్‌తో బయటికి లాగెయ్యాలి. నేల ఆరాక మిగతా సంగతి.

హోస్ట్: నేల తడి తెలిసేదెట్లా? బోరు చూడాలా?

బాబాయ్: బోరు లోతు నీళ్లు, దాంతో తేలదు. పాత నుయ్యి ఉంటే తొంగి చూడు. లేదంటే తోట మూల పూల్ అడుగు దాకా సన్నగా గుంత తవ్వించి రాత్రంతా వదిలెయ్. తెల్లారి గుంతలో నీరు నిలిచిందంటే సగం కూడా తియ్యొద్దు, మూడో వంతు చొప్పున రెండుసార్లు మార్చుకో.

హోస్ట్: ఒక పక్క తీస్తూ ఇంకో పక్క పోస్తే రిస్కే ఉండదుగా?

బాబాయ్: ఉండదు, కానీ పోసిన మంచినీళ్లు కూడా కలిసి పోతుంటాయి. సగం తీసి సగం పోస్తే 150 కాస్తా 75 అవుద్ది. తీస్తూనే పోస్తే అంతే నీళ్లకి 90 దగ్గర ఆగుద్ది. సగమంటే ఆరు ట్యాంకర్లు, 5 వేల లీటర్లవి. ఊరికే రావుగా.

హోస్ట్: తీసిన నీళ్లు కాలవలోకి వదిలెయ్యొచ్చా?

బాబాయ్: కాలవలోకి వద్దు, మురుగు కాలవలోకైనా ఉన్నపళంగా వద్దు. కింద చేపల చెరువులున్నాయి, కొంచెం క్లోరిన్‌కే చేప చస్తది. బిళ్లలు ఆపేసి కొన్నాళ్లు ఉంచి, క్లోరిన్ సున్నా అని చూసుకునే వదలాలి. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్, చెరువుల వాళ్లకి తెలుసు. మొక్కలకి మరీ ఎక్కువ పెట్టొద్దు, ఉప్పు తగుల్తది. ఆ, ఇంకోటి. నీళ్లు స్కిమ్మర్, అంటే గోడకి పైన చెత్త లాగే నోరు, దాని కిందకి దిగితే ఫిల్టర్ పంపు గాలి లాగుద్ది, కాలిపోద్ది. సబ్‌మెర్సిబుల్ వేసుకోండి.

హోస్ట్: నింపాక మొదట ఏం వెయ్యాలి? సోడా అంటారుగా అందరూ.

బాబాయ్: ఏమీ వెయ్యొద్దు! పంపు ఎనిమిది గంటలు తిప్పి, కలిశాక టెస్టు చెయ్యాలి. ఆల్కలినిటీ 80 నుంచి 120 మధ్య ఉండాలి. 60 వేల లీటర్లలో 10 పాయింట్లు పెంచాలంటే వంటసోడా కేజీ. కానీ గుంటూరు పక్క చాలా బోర్లలో అది ముందే ఎక్కువుంటది, బకెట్లకి తెల్లగా పట్టేది చూశావుగా. అక్కడ సోడా వేస్తే నీళ్లు పాలలాగా తేలతాయి. కావాల్సింది యాసిడ్. సాయంత్రం, పంపు తిరుగుతుండగా, నీళ్లున్న బకెట్‌లో యాసిడ్ పోసి, కొంచెం కొంచెంగా. యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. పీహెచ్ 7.4 దగ్గర ఆపెయ్.

హోస్ట్: తర్వాత క్లోరిన్?

బాబాయ్: ఆఖర్న, పొద్దు గుంకాక, లిక్విడ్ క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ వేస్తే సున్నం మిగులుద్ది, ఈ హార్డ్ నీళ్లలో అది ఇంకో తలనొప్పి. పాత బిళ్లల డబ్బాలో మాత్రం బ్లీచింగ్ పొరపాటున కూడా పడనియ్యొద్దు, మంటలొస్తాయి. యాసిడ్ పక్కన క్లోరిన్ పెట్టొద్దు. నెల పోయాక మూడో వంతు మార్చితే 75 నుంచి 50కి దిగుద్ది. బిళ్లలు ఊరెళ్లినప్పుడు వాడుకోమను, రోజూ మాత్రం లిక్విడ్డే.

హోస్ట్: పిల్లలు సెలవుల్లో కాచుక్కూర్చుని ఉంటారు. ఎప్పుడు దిగనియ్యొచ్చు?

బాబాయ్: క్లోరిన్ 5, 6 మధ్యకి దిగాక. అంకెలు ఎంత బాగున్నా సరే, గట్టు మీద నిలబడితే అడుగున డ్రెయిన్ మూత కనపడాలి. కనపడకపోతే లోపల మునిగిన పిల్లోడు కూడా కనపడడు. ఆ రోజు ఎవర్నీ దించొద్దని చెప్పు.