నీళ్లు కారుతున్నా కళ్లు పొడిబారినట్టేనా? కంటి డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: తర్వాతి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం, మిర్చి తొడిమలు తీసే పనికి పోతాను, నాకు 52 ఏళ్లు. కళ్లు మంట, ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి ఎర్రగా అవుతాయి. బండి మీద పోతే నీళ్లే నీళ్లు. కోడలేమో కళ్లు పొడిబారాయంటుంది. నీళ్లు కారుతుంటే పొడి ఎట్లా అవుతుంది మేడం?

డాక్టర్: మిర్చి ఘాటుకూ మండుతాయి గానీ, మీ కోడలి మాట కూడా నిజం కావచ్చు. కన్నీటి మీద సన్నటి నూనె పొర ఉంటుందమ్మా, రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. అది తగ్గితే తడి తొందరగా ఆరిపోయి కన్ను మండుతుంది, ఆ మంటకు ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి, కానీ కంటి మీద నిలవవు, చెంప మీదికి జారిపోతాయి. చూపు మసకబారి, రెప్ప కొడితే తేటపడుతోందా?

కాలర్: అవును మేడం, టీవీ చూసేటప్పుడు. మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు, వేస్తే ఎరుపు పోతుంది, మళ్లీ వస్తుంది. వేసుకోవచ్చా?

డాక్టర్: చీటీ లేకుండా తెచ్చారా? వద్దమ్మా. అందులో స్టెరాయిడ్ ఉంటే, ఎక్కువ రోజులు వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. నోరు ఎండుతోందా? కీళ్ల నొప్పులు?

కాలర్: రెండూ ఉన్నాయి. మోకాళ్లయితే చెప్పొద్దు మేడం, మెట్లెక్కలేను, మొన్న మేడారం పోయినప్పుడు కూడా...

డాక్టర్: కళ్లతో పాటు నోరు కూడా ఎండుతూ, కీళ్లు నొప్పులంటే తడి ఊరే గ్రంథులను దెబ్బతీసే జబ్బేమో చూడాలి, రక్తపరీక్ష అవసరం పడొచ్చు. కంటి ఆసుపత్రిలో రెప్ప కింద కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు, 10 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే నీళ్లు తక్కువ ఊరుతున్నట్టు.

కాలర్: సరే మేడం. మరి ఆ సీసాలో జర మిగిలింది, అయిపోయేదాకా...

డాక్టర్: ఒక్క చుక్క కూడా వద్దు తల్లీ! పారేయకండి, వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి సీసాతో సహా పోయి చూపించండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. హనుమకొండ నుంచి మరొకరు.

కాలర్: మేడం, పొద్దంతా ల్యాప్‌టాప్ ముందే ఉంటా, కూలర్ మొహం మీదికే...

డాక్టర్: కూలర్ పక్కకు తిప్పు తమ్ముడూ. స్క్రీన్ చూస్తుంటే రెప్పలు కొట్టడం సగానికి పైగా తగ్గిపోతుంది, కావాలని పూర్తిగా మూసి తెరువు. లెన్స్ పెట్టుకుంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పు.

యాంకర్: పరకాల నుంచి. త్వరగా చెప్పండి.

కాలర్: మొన్న వడ్లు తూర్పారబట్టేటప్పుడు పొట్టు పడ్డది మేడం, ఒక్క కన్నే ఎర్రగా ఉంది, వెలుతురు చూడలేకపోతున్నా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. ఇది కూడా పొడిబారడమేనా?

డాక్టర్: కాదు, కాదు. పొట్టు గీసుకున్నచోట ఫంగస్ పట్టి పుండు పడే ప్రమాదం ఉంది, స్టెరాయిడ్ చుక్కలు పడితే ఇంకా ముదురుతుంది. షాపులో ఏదీ కొనొద్దు, ఆముదం, చనుబాలు ఏవీ వేయొద్దు, నలపొద్దు. రేపటిదాకా ఆగకండి, ఫోన్ పెట్టేసి ఇప్పుడే కంటి ఆసుపత్రికి బయల్దేరండి.

కాలర్: ఇప్పుడేనా మేడం?

డాక్టర్: ఇప్పుడే.

యాంకర్: తర్వాతి కాల్ జనగామ నుంచి...